నానకుండా వెళ్ళిన మాటు

మేత బస్తాల బిల్లు కుడిచేత్తో కొడుతూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, సత్యవేణి చెరువు కాపలా ముసలయ్య చెప్పేది వింటోంది. వింటున్నకొద్దీ మీటలు గట్టిగా పడుతున్నాయి. కౌంటరు ముందు నిలబడ్డ రైతు తన బిల్లులోనే ఏదో తేడా వచ్చిందేమోనని భయపడ్డాడు.

"మోగలేదమ్మా. తెల్లారగట్ట దగ్గొచ్చి లేచాను గనక సరిపోయింది. టార్చి వేసి చూస్తే చెరువు నిండా నోళ్ళే. శీలావతి చేపలన్నీ పైకొచ్చి గుటకలేస్తున్నాయి. పరిగెత్తుకెళ్ళి గాలి కొట్టే ఏరేటర్లు వేశాను. లేపోతే ఏమయ్యేదో నువ్వే చెప్పు."

"డాంగిల్లో లైటు వెలుగుతోందా బాబాయ్?"

"అదే లేదు. నిన్న మధ్యాహ్నం నించీ చచ్చి కూర్చుంది. పక్క చెరువుల్లోనూ అంతేనంట."

సంగతి సత్యవేణికి అక్కడే అర్థమైపోయింది. పాకల్లోంచి ఫోనుకి కాల్ పంపే ఆ డాంగిళ్ళు పట్టుకునే పాత సిగ్నలు ఆపేశారు. ఆపేస్తామని ఫోను కంపెనీవాడు చెప్పిన గడువు ఇంకా రాలేదు. గడువు చెప్పడం వాడి ఇష్టం, మార్చుకోవడం వాడి ఇష్టం. కొల్లేటి చుట్టూ ఎన్ని చెరువుల ప్రాణం ఆ పాత డాంగిళ్ళ మీద ఆధారపడి ఉందో వాడికెందుకు?

యాభై దాటిన మనిషి సత్యవేణి. పొట్టి. జుట్టుకి రంగు వెయ్యదు, ముడి చుట్టి అందులో పెన్ను గుచ్చుతుంది. మేత పొడి పట్టి వేళ్ళు ఎప్పుడూ గరుగ్గా ఉంటాయి. కుడి బొటనవేలి మొదట్లో చిన్నప్పుడు వల తాడు కోసిన మచ్చ. మొగుడు రమణ ఐసు ఫ్యాక్టరీలో పని. కైకలూరు రోడ్డు మీద పాండురంగారావు గారి మేతల కొట్లో బిల్లులు కొట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ ఉద్యోగం గురించి చెప్పడానికి ఇంకేం లేదు, ఆవిడా ఎప్పుడూ చెప్పదు.

చెప్పాల్సింది రెండో పని గురించి. అది జీతం లేని పని. 'గట్టు' అని ఒకటుంది. కంప్యూటరు వెయ్యగానే ముందుగా లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ మోసే ఆపరేటింగ్ సిస్టమ్. కొనుక్కునేవి వేరే ఉన్నాయి. ఇది కొనక్కర్లేదు. ఏలూరులో ఒకరు, ఉంగుటూరులో ఒకరు, బయట దేశాల్లో ఇంకొందరు, తమ సాయంత్రాలూ ఆదివారాలూ పోసి ఊరికే చేసిపెడతారు. మూలన పడాల్సిన పాత కంప్యూటర్లు బళ్ళలోనూ, ఎరువుల కొట్లలోనూ, చెరువుల మీద కాపలా పాకల్లోనూ దీని పుణ్యాన బతుకుతున్నాయి. ఎవరు పెట్టుకున్నారో గట్టువాళ్ళకే తెలీదు. పేరూ ఊరూ అడక్కపోవడం దాని పద్ధతి.

అందులో రెండు రకాలు. 'కొత్తది' అనేదాంట్లోకి ఏ ప్రోగ్రాముకి కొత్త రూపం వచ్చినా వెంటనే వచ్చేస్తుంది. సరదా ఉన్నవాళ్ళూ, విరిగితే అతికించుకోగలవాళ్ళూ అది పెట్టుకుంటారు. 'నిలకడ' అనేది పని చేసుకునేవాళ్ళది. ఎప్పుడో గాని దాని రూపు మారదు. మధ్యలో ఏదన్నా చెడితే చెడిన ముక్కకి మాత్రం, చిల్లు పడ్డ గిన్నెకి వేసినట్టు, మాటు వేస్తారు. ఆ మాటు కూడా పది రోజులు నానాలి. నానడం అంటే, రకరకాల కంప్యూటర్లున్న కొందరు ముందుగా దాన్ని తమ దగ్గర పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని వాడి, నిలబడిందని చెప్పాలి. అప్పుడే నిలకడ తాళం ఉన్న మనిషి దాన్ని లోపలికి వదులుతుంది. వదిలిందా, అన్ని కంప్యూటర్లూ సాయంత్రానికల్లా తమంతట తామే తెచ్చుకుంటాయి. ఆ తాళం సత్యవేణిది. నానకుండా వదిలినవాళ్ళు ఎవరైనా సరే తాళం అప్పజెప్పి పోవాలన్న నియమం రాసింది కూడా సత్యవేణే.

ఎందుకంత పంతమంటే, కొల్లేట్లో చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన ఏడు వాళ్ళ నాన్న వాటా చెరువు ఒక్క పూటలో లేకుండా పోయింది. కొల్లేరు బతకడానికే అన్నారు. అదీ నిజమే కావచ్చు. కానీ ఆ చెరువు మీద బతుకుతున్నవాళ్ళని ముందుగా ఒక్క మాట అడిగిన నాథుడు లేడు. అప్పటినించీ ఆవిడకి ఒకటే మంట. బాగు చేస్తామని వచ్చి, నడుస్తున్నదాన్ని పగలగొట్టి పోయేవాళ్ళంటే ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడా మంటంతా వట్లూరు వైపు తిరిగింది. ఏలూరు పక్కన ఆ వట్లూరులో మధుబాబు ఉంటాడు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే కాపలావాళ్ళని లేపే 'ఊపిరి' ప్రోగ్రాము రాసింది అతనే. తెలివైనవాడు, అందులో ఇంకో మాట లేదు. ఓపికే లేదు. ఒకప్పుడు అతని దగ్గరా నిలకడ తాళం ఉండేది. బిల్లుల ప్రోగ్రాముకి కొత్త రూపం బాగుందని నానబెట్టకుండా వదిలేశాడు. మర్నాడు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కాటాల దగ్గర బిల్లులు ఆగిపోయి, లారీలు రోడ్డు పొడుగునా నిలబడిపోయాయి. అతని తాళం తీయించింది సత్యవేణే. అందరూ చదివే చోట పేరు పెట్టి మరీ రాసింది.

కిందటి నెల అతను ఊపిరికి కొత్త రూపం పంపాడు. పాత సిగ్నలు పోబోతోందనీ, పాకల్లో సీసీ కెమెరాల కోసం లాగిన కేబులు లైను మీంచే ఫోనుకి కాల్ వెళ్ళేలా మార్చాననీ రాశాడు. మార్చాడు సరే, దాంతోపాటు రంగురంగుల గీతలు, వాతావరణం బొమ్మలు, మాట్లాడే గొంతు, ఇంకా నానా హంగులూ కలిపాడు. ఆ కాల్ ముక్క ఒక్కటీ విడదీసి పంపమంది ఈవిడ. మొత్తం తీసుకోండి, లేదా మానెయ్యండి అన్నాడు అతను. ఈవిడ మానేసింది. గడువింకా ఉంది గదాని ఊరుకుంది.

సత్యవేణి వీధిలోకి వచ్చి పైకి చూసింది. నిన్నటినించీ మబ్బు పట్టే ఉంది. ఎండ లేదు, గాలి అసలే లేదు. అరుగు మీద ఆరేసిన గోనెసంచి అంచు కూడా కదలడం లేదు. ఇలాంటి రోజు తర్వాత వచ్చే తెల్లవారుజామే చెరువులకి గండం. నీళ్ళలో ఊపిరి అయిపోతుంది. రేపు తెల్లారేసరికి డాంగిలున్న ప్రతి పాకలోనూ కాపలావాడు నిద్రపోతూ ఉంటాడు, ఫోను మోగదు.

"ఏలూరు వెళ్ళాలండీ," అంది లోపలికొచ్చి.

పాండురంగారావు గారు కళ్ళజోడు పైనించి చూశారు. "మేత లోడు వస్తోంది గదమ్మా. రేపు వెళ్దువులే."

"రేపటికి మీ మేత తినే చేపలుండవండీ. లోడు దింపించడం మీకొచ్చండీ."

కోపం పెరిగినకొద్దీ సత్యవేణి మాటల్లో అండీలు పెరుగుతాయి. ఆ సంగతి తెలిసిన పాండురంగారావు గారు ఇంకో అండీ కోసం ఆగకుండా తలూపారు.

బస్సులో ఉండగా వెంకటదుర్గ ఫోను చేసింది. సత్యవేణి పుట్టింటి వీధి పిల్ల. మొగుడితో కలిసి చెరువు కౌలుకి చేస్తోంది. పగలంతా మేత చల్లి చల్లి పడుకుంటే ఫోను మోగినా లేవని మొద్దు నిద్ర. అందుకని సత్యవేణే వెళ్ళి, ఆ పాకలో ఫోను లేకుండా ఊపిరిని సైరనుకి కలిపి వచ్చింది.

"అక్కా, ఫోన్లు మోగట్లేదని అందరూ అంటున్నారు. నాదానికేమన్నా చెయ్యాలా?"

"నీది ఫోను కాదు గదే, సైరను. నీకేం ఢోకా లేదు."

"ఈయన లారీ మీద వెళ్ళాడు. ఒక్కదాన్నే ఉన్నాను. మేలుకోమంటావా?"

"వద్దు. నిశ్చింతగా పడుకో."

మధుబాబు గది మేడ మీద. మంచం మీద కంటే బల్ల మీదే సామానెక్కువ. సన్నగా, పొడుగ్గా, గడ్డం అక్కడక్కడా మొలిచిన మనిషి. ఇన్నేళ్ళు రాతల్లో కొట్టుకోవడమే గాని, ఎదురెదురుగా చూసుకోవడం ఇదే మొదలు.

"రండి మేడమ్. మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళు తర్వాతండీ. ఆ కాల్ ముక్క విడదియ్యండి."

"నెల కిందటే మొత్తం ఇచ్చానండి. అప్పుడే తీసుకునుంటే ముసలాళ్ళు టార్చిలు పట్టుకుని పరిగెత్తేవారు కాదు."

"ఆ ఒక్క ముక్కా అప్పుడే ఇచ్చుంటే ఈపాటికి నాని లోపలికెళ్ళేదండీ."

"ఎంతకాలమండి పాతదాన్నే పట్టుకుని వేళ్ళాడతారు? కంపెనీవాడు మీకోసం ఆగాడా?"

"ఆగలేదండీ. అందుకేనండీ వచ్చాను. గంట పని చెయ్యడానికి మీకు నెల రోజులు చేతులు రాలేదాండీ?"

మధుబాబు మొహం ఎర్రబడింది. "రాలేదండి. నేనేదో దొంగతనం చేసినట్టు లోకమంతా చదివేలా రాశారు. మీకోసం ఆ గంట పెట్టబుద్ధి కాలేదు. అదీ నిజం."

"నా మీద కోపం చేపల మీద చూపిస్తారాండీ?"

"మరి మీరో? ముక్క విడదియ్యడం మీకు చేతకాకనా? నేనే దిగి రావాలని కూర్చున్నారు."

చేతకాక కాదు. అతను ఒంచిన తల ఎత్తకుండా ఆ ముక్క తెచ్చి ఇవ్వాలని నెల రోజులు చూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా అతని మీదకే కోపంగా తిరిగింది. కుర్చీ లాక్కుంది.

ఆ తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. అతను కొయ్యడం, ఆవిడ చదివి ఇదెందుకు అదెందుకు అని నిలదియ్యడం, అతను పళ్ళు నూరుకుంటూ తీసెయ్యడం. రంగులు పోయాయి, బొమ్మలు పోయాయి, సెట్టింగుల పేజీ పోయింది. చివరికి చిన్న ముక్క మిగిలింది. ముసలయ్య పాకలోని కంప్యూటరుకి అక్కణ్ణించే దాన్ని ఎక్కించి, ఆక్సిజన్ పడిపోయినట్టు అబద్ధపు కబురు పంపి చూశారు.

"మోగిందమ్మా," అన్నాడు ముసలయ్య ఫోనులో. "ఇక ఆపించు, చెవులు పోతున్నాయి."

మధుబాబు నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానేశాడు. కిటికీలోంచి కనబడే మబ్బు కదల్లేదు. "మరి నానబెట్టడం సంగతేంటండి?" అన్నాడు. "నియమం రాసింది మీరే."

"రాశానండీ. చదవడం కూడా వచ్చండీ."

నానబెడితే రేపు తెల్లారి పోయే చెరువులు పోతాయి. పోనీ మేలుకుని ఉండమని అందరికీ చెబుదామంటే ఎవరికని చెప్పడం? ఏ పాకలో ఎవరున్నారో ఎవరికి తెలుసు? చేరే దారి ఒక్కటే, నిలకడ లోంచి వెళ్ళే మాటు. నిలకడ లోంచి వచ్చిందంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చని ఇన్నేళ్ళుగా తనే అందరికీ చెప్పింది. సత్యవేణి జడముడిలోంచి పెన్ను తీసింది, రాయడానికి ఏమీ లేక మళ్ళీ గుచ్చుకుంది. మాటుకింద 'నానలేదు, పూచీ నాది' అని కొట్టి, పేరు పెట్టి, తాళం తిప్పింది.

బస్సెక్కేముందు మధుబాబు కిందిదాకా వచ్చాడు. "ఇప్పుడైనా ఒప్పుకుంటారా, కొన్నిసార్లు తొందరపడాలని?" అన్నాడు.

"ఒప్పుకోనండీ," అంది. బస్సు కదిలేదాకా అతని వైపు చూడలేదు.

తెల్లవారుజామున కొల్లేటి చుట్టూ ఫోన్లు మోగాయి. లుంగీలు ఎగ్గట్టుకుని మనుషులు గట్ల మీద పరిగెత్తారు. ఏరేటర్లు తిరిగాయి, మోటార్లు నీళ్ళు చిమ్మాయి. వెలుగొచ్చేసరికి గట్టు సభ్యులు రాసుకునే చోటంతా దండాల బొమ్మలే. కొంప నిలబెట్టావని ముసలయ్య ఫోను చేశాడు. సత్యవేణి స్టౌ దగ్గర నిలబడి అవన్నీ చదివింది. ఊపిరి పీల్చుకుందామనుకుంటుండగా ఇంకో ఫోను వచ్చింది.

"అక్కా," అంది వెంకటదుర్గ. "మోగలేదక్కా."

మధుబాబు ప్రోగ్రాములో తప్పు వెతికి చెప్పేసరికి పొద్దెక్కింది. విడదీసిన మాటు ముందుగా ఫోను నంబరు కోసం చూస్తుంది. నంబరు లేకపోతే ఎవరైనా కొట్టేదాకా అక్కడే ఆగుతుంది. వెంకటదుర్గ పాకలో నంబరు లేదు, సైరనే ఉంది. అతని మొత్తం కొత్త రూపంలో ఆ అడ్డు లేదు. వీళ్ళు కోసి పారేసిన సెట్టింగుల పేజీలోనే సైరను సంగతి ఉంది. పాత ఊపిరిలోనూ ఆ అడ్డు లేదు. ముట్టుకోకుండా వదిలేసి ఉంటే నిన్నటిలాగే మోగేది. నానబెట్టి ఉంటే మొదటి పూటే దొరికేది. నానబెట్టేవాళ్ళలో సైరనున్న పాక ఒకటుంది, అది వెంకటదుర్గదే. నానే రోజుల్లో ఆ పిల్ల నిద్ర కాచుకుని కూర్చునేది. ఇప్పుడు పడుకుంది. పడుకోమంటే పడుకుంది.

సత్యవేణి వెళ్ళేసరికి కూలీలు నడుం లోతు నీళ్ళలో వల లాగుతున్నారు. బొచ్చెలు, శీలావతులు, తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డు వెంబడి పరుచుకుని ఉన్నాయి. ఏరేటర్లు ఇప్పుడు తిరుగుతున్నాయి, ఎందుకో. పాకలో తెర మీద 'ఫోను నంబరు ఇవ్వండి' అన్న మాట పక్కన గీత ఒకటి వెలిగి ఆరుతోంది. వెంకటదుర్గ గట్టు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పాదాలకి బురద ఎండిపోయి ఉంది.

"అందరివీ బతికాయంటగా," అంది, ఇటు తిరక్కుండా.

"ఊఁ."

"నాదెందుకు చచ్చిందక్కా? నాది బాగానే మోగేది గదా."

"అందరికీ వేసిన మాటు నీకూ పడింది. నీ దగ్గర చూడకుండా వదిలాను. నేనే వదిలాను."

"నేను ఫోను చేసి అడిగాను గదా."

సత్యవేణి పక్కన కూర్చోబోయింది. వెంకటదుర్గ జరగలేదు, వద్దననూ లేదు. కాస్త ఎడంగా చతికిలబడి సత్యవేణి ఫోను తీసింది. దండాల బొమ్మలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ బొమ్మలు పంపుతున్న ప్రతివాణ్ణీ చెంప మీద కొట్టాలనిపించింది. గడువు మార్చుకున్న కంపెనీవాణ్ణి, నెల రోజులు బిగుసుకు కూర్చున్న మధుబాబుని, అతనికంటే ఎక్కువ బిగుసుకున్న తనని కూడా. వాటి కింద రాసింది: 'నానకుండా వదిలాను. ఒక చెరువు పోయింది. తాళం అప్పజెబుతున్నాను.'

వెంటనే పదిమంది వద్దన్నారు. వందల చెరువులు బతికాయన్నారు. మధుబాబు రాశాడు: 'ఆ నియమం మారుద్దామండి. ఈ ఒక్కసారికి లెక్కలోకి తీసుకోవద్దు.'

'మార్చకండి,' అని రాసి, తాళం తీసేసే చోట వేలితో నొక్కింది. నిజంగానా అని అడిగింది గట్టు. మళ్ళీ నొక్కింది. సభ్యుల పేర్లలోంచి ఆవిడ పేరు పోయింది. అందులో చప్పుడేం లేదు.

లేస్తూ చేతిసంచిలోంచి స్టీలు క్యారేజీ తీసి వెంకటదుర్గ పక్కన పెట్టింది. పొద్దున్న ఫోను వచ్చాక, ఏం చెయ్యాలో తోచక, చేతులు వాటంతట అవే కలిపిన పెరుగన్నం.

"రెండు ముద్దలు తినవే. తెల్లారినకాణ్ణించీ ఏం తిని ఉండవు."

వెంకటదుర్గ చెరువు వైపే చూస్తోంది. "మీరెళ్ళండి," అంది.

సత్యవేణి గట్టు దిగి రోడ్డు వైపు నడిచింది. మధ్యాహ్నానికి కూలీలు వల మడిచి వెళ్ళిపోయారు. వెంకటదుర్గ కూడా లేచి పాకలోకి వెళ్ళింది. గట్టు మీద క్యారేజీ ఒక్కటే ఉంది, మూత బిగించినట్టే ఉంది, దాని చుట్టూ చీమలు తిరుగుతున్నాయి.